కుడివైపు ముఖాలు

పెళ్ళయిన నాటి నుంచీ కోడలి మొహం చూడని రాయపురెడ్డి, కొడుకు పోయిన రెండో ఏడు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఇంటికి కాదు, ఆమె పనిచేసే చోటికి.

గుంటూరు శివార్లలో, మూతపడ్డ పత్తి మిల్లుల స్థలంలో కట్టిన సంతాన పరిశోధన కేంద్రం అది. చనిపోయిన మనిషి ఒంటి మీది చర్మం గోరంత దాచిపెట్టినా చాలు, ఆ కణాలను మొదటి దశకు మళ్ళించి బీజంగా మార్చే విద్య అక్కడివాళ్ళకి పట్టుబడింది. ఆ బీజాన్ని అండంతో కలిపితే తయారయ్యే పిండాన్ని ఏ తల్లి కడుపులోనూ పెట్టనక్కర్లేదు. గర్భపేటిక అనే గాజుతొట్టిలో, గోరువెచ్చని నీటిలో నెలలు నిండేదాకా పెరుగుతుంది. హెప్సిబా ఆ బీజాల గదిలోనే పనిచేసేది. భర్త ఇన్నారెడ్డి లారీ కింద పడి పోయిన రోజు, శవాన్ని వాళ్ళవాళ్ళకి అప్పగించకముందే, ఏడుస్తూనే అతని మోచేతి దగ్గర చర్మం కాస్త తీసి ఐసుపెట్టెలో పెట్టుకుంది. ఎందుకని అప్పుడెవరైనా అడిగితే చెప్పలేకపోయేది. మనిషిని మొత్తంగా మట్టిలో కలిపెయ్యడానికి మనసు రాలేదు, అంతే.

"కూర్చోండి మావయ్యా," అంది హెప్సిబా.

రాయపురెడ్డి కూర్చోలేదు. పొడుగాటి మనిషి. తెల్లపంచె, మెడలో జపమాల. గది నాలుగు మూలలూ చూశాడు గానీ ఆమె వైపు చూడలేదు.

"మావోడిది ఏదో దాచిపెట్టావంట గదా."

"అవునండీ."

"దాంతో బిడ్డ పుడతాడని డాక్టరమ్మ చెప్పింది. చట్టం ప్రకారం పెళ్ళాం ఒప్పుకోవాలంట. అందుకొచ్చా."

రోజూ ఎవరెవరి బిడ్డలనో పేటికల్లో పెంచుతూ హెప్సిబా కన్న కల అదే. ఆ పేటిక పెట్టించుకునే తాహతు మాత్రం ఆమెకు లేదు.

"ఒప్పుకోకపోవడమేంటి మావయ్యా. నేనెప్పటి నుంచో..."

"ఆగు. మొత్తం ఇను. అండం లూర్దుమేరిది. మా బావమరిది కూతురు. మావోడికి చేసుకోవాలని పుట్టినప్పుడే అనుకున్న పిల్ల. దాని మొగుడు కూడా సరేనన్నాడు."

"ఆయన భార్యని నేనున్నాను కదా," అంది ఆమె.

"ఆ సంగతి వాడితోనే అయిపోయింది." ఆయన గొంతులో కోపం లేదు. పొలం గట్టు ఎక్కడుందో చెప్పే మనిషిలా చెప్పాడు. "తొమ్మిది తరాలమ్మాయ్. తెల్లదొర ఫాదరు గుర్రమెక్కొచ్చి నీళ్ళు పోసిన కాడి నుంచి లెక్క ఉంది మాకు. మతం మారాం గానీ కులం మార్చుకోలా. మావోడు తప్పు చేశాడు, పోయాడు. ఆ తప్పు కిందకి దిగకూడదు."

ఆలోచించుకుని చెప్తానంది. ఆయన తలాడించి, ఆమె తెచ్చిపెట్టిన మంచినీళ్ళ గ్లాసు ముట్టకుండానే వెళ్ళిపోయాడు.

ఇన్నారెడ్డి బతికున్న రోజుల్లో నవ్వుతూ చెప్పేవాడు. మరియాపురంలో వాళ్ళింట్లో ప్రతి క్రిస్మస్‌కీ చర్చిలో పూజకు వెళ్ళేముందు తండ్రి అందరినీ కూర్చోబెట్టి, అబ్రహాము దగ్గర మొదలుపెట్టి యేసుక్రీస్తు వంశావళి పైకి చదివేవాడట. ఎవరు ఎవరిని కన్నారో, వాళ్ళు మళ్ళీ ఎవరిని కన్నారో ఒక్క పేరు పొల్లుపోకుండా చదివి, ఊపిరి కూడా తీసుకోకుండా అదే రాగంలో తమ వంశంలోకి దిగేవాడట. దేవసహాయంరెడ్డి చిన్నపరెడ్డిని కనెను, చిన్నపరెడ్డి మర్రెడ్డిని కనెను... అలా చివరికి రాయపురెడ్డి ఇన్నారెడ్డిని కనెను అని ఆపి, కొడుకు తల మీద చెయ్యి వేసేవాడట. "చిన్నప్పుడు నేనూ బైబిల్లో ఉన్నాననుకునేవాణ్ణి," అనేవాడు ఇన్నారెడ్డి.

ఆ సాయంత్రం హెప్సిబా జరిగినదంతా తల్లికి చెప్పింది. సుజ్ఞానమ్మ ఒకప్పుడు మరియాపురం ఊరి బయటి పల్లెలో పుట్టిన మనిషే. పెళ్ళయి గుంటూరు వచ్చి, మిషను బడిలో ఆయాగా పనిచేసి, పేటలో చిన్న పెంకుటిల్లు కట్టుకుంది. చిక్కుడుకాయలు తుంచుతూ కూతురు చెప్పేది మొత్తం విన్నది.

"ఆయన ఏటా చదివే జాబితాలో ఆడోళ్ళ పేర్లు కూడా ఉన్నాయి కదే," అంది. "తామారుంది, రాహాబుంది, రూతుంది. మామని మాయజేసి బిడ్డని కన్నదొకతి. ఊరి బయట కొంప పెట్టుకున్నదొకతి. పరాయి దేశం నుంచి పరిగె ఏరుకోడానికి వచ్చిందింకొకతి. ఆయనకవి నోట్లోకి ఎట్టొస్తాయో!"

"అంతమంది ఆడవాళ్ళలో వాళ్ళ పేర్లే ఎందుకు రాశారమ్మా?"

"మిగతావాళ్ళని దాచడం తేలిక. వీళ్ళని దాచడం కుదర్లేదేమో." చిక్కుడు ఈనె తీసి పక్కన పడేసింది. "నువ్వు మాత్రం దాని జోలికి పోబాక తల్లీ. నీ మొగుడి బిడ్డ ఇంకొకదాని బిడ్డగా కళ్ళ ముందు తిరుగుతుంటే నువ్వు తట్టుకోలేవు."

హెప్సిబా తల్లి మాట వినలేదు. వారం తిరక్కుండానే రాయపురెడ్డికి సరేనని కబురు పంపింది. పని నేర్చుకునే రోజుల్లో అక్కడి అమ్మాయిలందరిలాగే ఆమె కూడా తన అండాలు తీయించి శీతలగదిలో దాచుకుని ఉంది. లూర్దుమేరి అండం వచ్చిన రోజు తన అండం కూడా బయటికి తీసి, రెండు గాజుపళ్ళాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుంది. ఒకదాన్ని పారబోసింది. రెండోదానిలో ఇన్నారెడ్డి బీజాన్ని వదిలింది. చేతులు వణుకుతాయనుకుంది. వణకలేదు. తర్వాత చాలా ఏళ్ళపాటు ఆమెను భయపెట్టింది ఆ సంగతే.

పేటికలో బిడ్డ పెరిగినంత కాలం హెప్సిబా మధ్యాహ్నం అన్నం అక్కడే తినేది. అది నియమానికి విరుద్ధం. అయినా కేంద్రం నడిపే డాక్టర్ సీతారత్నం, పాపం భర్త బిడ్డ కదా అని చూసీ చూడనట్టు ఊరుకుంది. గాజు మీద చెయ్యి ఆనిస్తే లోపల చిన్న పాదం అటే జరిగేది. "మీ నాన్నకి చింతకాయ పచ్చడంటే ప్రాణం," అని చెప్పేది హెప్సిబా. "ఈత రాదు గానీ వచ్చని కోతలు కోసేవాడు."

నెలలు నిండాయి. తొట్టిలోంచి బిడ్డని తీసి, తుడిచి, గుడ్డలో చుట్టి, బయట ఎదురుచూస్తున్న అత్తగారు జోజమ్మ చేతుల్లో పెట్టింది హెప్సిబాయే. జోజమ్మ బిడ్డ నుదురు ముద్దు పెట్టుకుని బోరున ఏడ్చింది. రాయపురెడ్డి మోకాళ్ళ మీద కూలబడి సిలువ గుర్తు వేసుకున్నాడు. చిన్నపరెడ్డి అని పేరు పెట్టారు. కారు గేటు దాటేదాకా హెప్సిబా వరండాలో నిలబడి చూసింది. లోపలికి వచ్చి ఖాళీ తొట్టి కడిగింది.

పేటికలో పుట్టిన పిల్లలను ఆరు నెలలకొకసారి రక్తపరీక్షకు తీసుకురావాలని కేంద్రం షరతు. ఆ షరతు మీదే హెప్సిబా బతికింది. చిన్నప పాకే వయసులో వచ్చాడు, తప్పటడుగుల వయసులో వచ్చాడు, బడికి వెళ్ళే వయసులో వచ్చాడు. సూది గుచ్చినప్పుడు ఏడవకుండా ఉండటానికి ఆమెకి కథలు చెప్పేవాడు. అన్నీ తాత కథలే. తాత తనని ట్రాక్టరు మీద ఎక్కించుకున్నాడు, తాత మిరపకల్లంలో పాముని కొట్టాడు, తాత తనకి తొమ్మిది పేర్లూ నేర్పాడు. "చెప్పనా ఆంటీ?" అని గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పేవాడు. "ఇన్నారెడ్డి చిన్నపరెడ్డిని కనెను. అది నేనే!"

"మరి అమ్మ పేరో?" అని ఒకసారి నోరుజారి అడిగింది.

"దాన్లో అమ్మలుండరాంటీ," అన్నాడు వాడు, ఈమాత్రం తెలియదా అన్నట్టు.

వాడికి ఏడేళ్ళు నిండి, చర్చిలో ఫాదరు చేతి అప్పం, మొదటి సత్ప్రసాదం, తీసుకునే ఏడు, డాక్టర్ సీతారత్నం కొత్త పని మొదలుపెట్టింది. పిండాన్ని చూసి పుట్టబోయే బిడ్డ మొహం గీసే యంత్రం వాళ్ళ దగ్గర మొదటి నుంచీ ఉంది. దాన్నిప్పుడు వెనక్కి తిప్పారు. బిడ్డ రక్తం, బంధువుల రక్తం కొద్దికొద్దిగా ఇస్తే, పోయినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే కూర్చి గోడంత తెర మీద చూపిస్తుంది. దీన్ని వంశపటం అన్నారు. ఆ మాట చెవిన పడగానే రాయపురెడ్డి కేంద్రానికి పరిగెత్తుకొచ్చాడు. మనవడి సత్ప్రసాదం విందులో తొమ్మిది తరాల మొహాలు ఊరందరికీ చూపించాలని ఆయన ఆశ.

పటం తీసే పని హెప్సిబాకి వచ్చింది. ఇంకెవరికైనా ఇమ్మని అడగడానికి ఆమె దగ్గర చెప్పదగిన కారణం లేదు.

పొద్దున్నే వచ్చి తలుపు దగ్గరికి వేసి యంత్రం నడిపింది. తెర కిందిభాగంలో చిన్నప మొహం వచ్చింది. దాని మీద ఎడమవైపు ఇన్నారెడ్డి. పెళ్ళిలో ఎలా ఉన్నాడో అలా. వేలు ఆ చెంప మీద పెట్టి కాసేపు ఉండిపోయింది. అతని మీద రాయపురెడ్డి, ఆ మీద మర్రెడ్డి, ఆ పైన కోరమీసాల వాళ్ళు వరసగా. తర్వాత కుడివైపు మొహాలు మొదలయ్యాయి. మొదట తను. తన మీద తల్లి, తండ్రి. ఆ పైన మెల్లగా రంగు పట్టుకుంటూ ఒక ముసలి మొహం వచ్చింది. ఎండకు మాడిన నుదురు, లోపలికి పోయిన బుగ్గలు, ఒక కన్ను కాస్త చిన్నది. హెప్సిబా పుట్టకముందే పోయిన అమ్మమ్మ. ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. ఎవరూ తియ్యలేదు. హెప్సిబా ఆ మొహాన్ని చూడటం అదే మొదలు.

దానికోసమే ఆమె ఆలస్యం చేసింది. లేకపోతే తలుపు తెరుచుకునేలోపే తెర ఆపేసేది.

"అయిందా?" అంటూ రాయపురెడ్డి లోపలికి వచ్చాడు. మిఠాయి పొట్లం చేతిలో ఉంది. తన తాతని, ముత్తాతని చూసి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళతోనే చూపు కుడివైపు జరిగింది. ఆగింది.

"ఇదెవరు... ఆరోగ్యమ్మ గదా ఇది?" అన్నాడు. "మా నాయన ఉన్నప్పుడు మా చేలో కలుపు తీసిన ఆరోగ్యమ్మ. దీని మొహం ఇక్కడెందుకుంది?"

ఆయన కళ్ళు కిందకి దిగాయి. సుజ్ఞానమ్మ మొహం దాటాయి. హెప్సిబా మొహం దగ్గర నిలిచిపోయాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన ఆమెను నిదానంగా చూశాడు, అదీ తెర మీద.

"నువ్వా," అన్నాడు.

"నేనే మావయ్యా. అండం మార్చాను. వాడు నా బిడ్డ."

మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టి గోడ పట్టుకున్నాడు. కొడతాడనుకుంది. కేకలేస్తాడనుకుంది. ఆయన కుర్చీలో కూలబడి ముసలివాళ్ళు ఆయాసపడ్డట్టు ఆయాసపడ్డాడు.

"నా కళ్ళు గప్పి, నా కొడుకు శవాన్ని అడ్డం పెట్టుకుని దొంగతనం చేశావు గదే."

"చేశాను." ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. "ఏటా క్రిస్మస్‌కి చదువుతారు కదా మావయ్యా. తామారు పేరు దగ్గర మీ నోరెప్పుడూ ఆగలేదు. నా పేరు దగ్గర ఎందుకు ఆగుతుంది?"

"అది దేవుడిల్లు," అన్నాడు రాయపురెడ్డి. "ఇది నా ఇల్లు."

ఆయన లేచి, గొంతు తగ్గించి అన్నాడు. "ఇంకెవురికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు."

"అయితే తీసెయ్. ఆ పక్క మొహాలన్నీ తీసెయ్. లూర్దుమేరిని, వాళ్ళవాళ్ళని పెట్టు. నీకది చేతనవుతుంది, ఇంతకుముందు చేసిందే గదా. వాడు చిన్నపరెడ్డిగానే ఉంటాడు. ఇల్లూ పొలమూ వాడివే. లేదంటావా, ఇయ్యాళే తెచ్చి నీ గుమ్మంలో ఇడిచిపెడతా. వాడు తాతా అని ఏడుస్తా పడుంటాడు. చెప్పు."

ట్రాక్టరు మీద తాత ఒళ్ళో కూర్చున్న పిల్లాడు ఆమె కళ్ళముందు మెదిలాడు. తన సుఖం కోసం ఒకసారి వాడి పుట్టుకని మార్చింది. మళ్ళీ తన సుఖం కోసం వాడి ఇంటిని కూలగొట్టే ధైర్యం ఆమెకి లేకపోయింది. తెర దగ్గరికి వెళ్ళి తన మొహం తుడిచేసింది. అమ్మ మొహం, నాన్న మొహం తుడిచింది. అమ్మమ్మ దగ్గర కాసేపు ఆగింది. రాయపురెడ్డి వెనకే నిలబడి చూస్తున్నాడు. ఆ మొహాన్ని కూడా తుడిచేసి, లూర్దుమేరి వాళ్ళ మొహాలు నింపింది.

విందు బ్రహ్మాండంగా జరిగిందని, చుట్టుపక్కల నాలుగూళ్ళ వాళ్ళు వచ్చి పటం చూశారని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ తర్వాత ఆరునెలల పరీక్షకి చిన్నపని జోజమ్మ ఒక్కతే తీసుకొచ్చింది. పిల్లాడు సగమయ్యాడు. జబ్బ మీద చొక్కా వేలాడుతోంది. సూది గుచ్చుతుంటే కథ చెప్పలేదు.

"తాత ఎలా ఉన్నాడు?" అంది హెప్సిబా.

వాడు నేల చూశాడు. "నాతో మాట్టాడ్డం లేదాంటీ." కాసేపాగి అడిగాడు. "నేనేం తప్పు చేశానో నీకు తెలుసా? నాయనమ్మనడిగితే చెప్పటంలా."

హెప్సిబా సూది గాటు మీద దూది అద్దింది. పిల్లాణ్ణి ఆటబొమ్మల గదిలో కూర్చోబెట్టి, జోజమ్మని పక్కకి తీసుకెళ్ళింది.

"మావయ్య నాకు మాటిచ్చారత్తయ్యా. వాడు అలాగే ఉంటాడన్నారు."

"ఉంచాడుగా," అంది జోజమ్మ. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. "తిండికి, బట్టకి లోటు చెయ్యలా. బయటివాళ్ళ ముందర నా మనవడు అనే అంటాడు. లోపలికొస్తే వాడి ఎదుట నిలబడలేడు. ఒకరోజు వాడు నిద్రలో ఉంటే పక్కన కూచుని ఎక్కెక్కి ఏడిచాడు. జుట్టు సవరించబోయి చెయ్యి ఎనక్కి తీసుకున్నాడు. నేను చూశా. ఆయన వల్ల కావట్లేదు పిల్లా. ప్రయత్నం చేస్తున్నాడు, వల్ల కావట్లేదు."

"మీకెప్పుడు తెలిసింది?"

"పుట్టిన రోజే అనుమానమొచ్చింది. నువ్విచ్చేటప్పుడు నీ చేతులు వాణ్ణి ఇడవలా." జోజమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నిన్ను క్షమించానని అనుకోబాక. నా ఇంట్లో నిప్పు పెట్టావు. కానీ ఇట్టా ఉంటే పిల్లోడు దక్కడు. వచ్చి తీసకపో."

మర్నాడే హెప్సిబా మరియాపురం వెళ్ళింది. ఆ ఇంటి మెట్లు ఎక్కడం ఆమెకదే మొదటిసారి. రాయపురెడ్డి వసారాలో పడక్కుర్చీలో ఉన్నాడు. ఆర్నెల్లలో పదేళ్ళు మీదపడ్డట్టున్నాడు.

"నా బిడ్డని తీసుకెళ్తున్నాను మావయ్యా."

ఆయన తలెత్తలేదు. "తీసకపో," అన్నాడు. కాసేపటికి, "నేను మనిషిని కాదనుకుంటన్నావేమో," అన్నాడు.

చిన్నప బట్టల సంచి పట్టుకుని వచ్చాడు. తాత కుర్చీకి కాస్త దూరంలో ఆగి, దణ్ణం పెట్టి, అక్కణ్ణుంచే "వెళ్ళొస్తా తాతా," అన్నాడు. రాయపురెడ్డి చెయ్యి కుర్చీ మీంచి కొంచెం లేచింది. గాలిలో అలాగే కాసేపు ఉంది. మళ్ళీ కుర్చీ మీద వాలింది. వీధి మలుపు తిరిగేదాకా పిల్లాడు వెనక్కి చూస్తూనే నడిచాడు.

బస్సులో హెప్సిబా వాడికి మొత్తం చెప్పింది. ఎంత చెప్పాలో అంత, వాడికి అర్థమయ్యే మాటల్లో. వాడు కిటికీలోంచి మిరపచేలు చూస్తూ విన్నాడు. "అయితే లూర్దుమేరి అత్త మా అమ్మ కాదా?" అని ఒక్కమాట అడిగాడు. కాదంది. వాడు ఇంకేమీ అడగలేదు. అమ్మా అని పిలవలేదు. పిలవమని ఆమె కూడా అడగలేదు.

పేటలో ఇంటికి చేరేసరికి సుజ్ఞానమ్మ వంట చేసి సిద్ధంగా ఉంది. మనవణ్ణి దగ్గరికి తీసుకోబోయి, కొత్తగా ఉంటుందని ఆగి, తల మాత్రం నిమిరింది. చాప పరిచి, పళ్ళెంలో అన్నం, దోసకాయ పప్పు, కోడిగుడ్డు పొరటు వడ్డించింది.

"రా నాయనా, కూచో. ఆకలేస్తంటుంది."

చిన్నప వచ్చాడు. చాప మీద కూర్చోలేదు. పళ్ళెం రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తుకుని, గుమ్మం దాటి బయట మెట్టు మీదకి వెళ్ళాడు. ఇంటికి వీపు పెట్టి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, పళ్ళెం నేల మీద పెట్టుకుని కలుపుకోవడం మొదలెట్టాడు.

సుజ్ఞానమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. చిన్నప్పుడు తల్లి వెంట రెడ్ల చేలకి పనికెళ్ళినప్పుడు, వాళ్ళ దొడ్డివాకిలి బయట అన్నానికి తను కూర్చున్న తీరు అచ్చం అదే.

"లోపల తిను బాబూ," అంది హెప్సిబా. "బయటెందుకు?"

"పర్లేదండి. ఇక్కడే తింటా. పళ్ళెం నేనే కడుగుతా."

"ఎవరు చెప్పారు నీకిలా తినమని?"

"ఎవురూ చెప్పలా," అన్నాడు వాడు ముద్ద మింగి. "నేను లోపల కూచుంటే తాత అన్నం ఇడిచిపెట్టి లేచెళ్ళిపోతాడు. పాపం, తినడు. అందుకని నేనే బయటికొస్తా."

హెప్సిబా గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. సుజ్ఞానమ్మ ఇంకో పళ్ళెంలో అన్నం పెట్టుకుని, బయటికి వెళ్ళి, మెట్టు మీద మనవడి పక్కన కూర్చుంది.

వాడు ఆమె వైపు చూశాడు. తన ఒళ్ళు ఆమె చీరకి తగలకుండా, పళ్ళెం దగ్గరికి లాక్కుని, మెట్టు చివరికి జరిగాడు.